అనంతగిరి దారిలో ఆగి ఆగి

మధుమేహమా? అయితే ఒక ఉదయం వికారాబాదులో రైలు దిగి అనంతగిరి దారి పట్టండి. మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. ఒకప్పుడు క్షయరోగులను ఈ గాలి కోసమే ఇక్కడి శానటోరియానికి పంపేవారు.

ఇక్కడ రోడ్డు ఒక్కతీరుగా వుండదు. ఎత్తు వస్తే ఆయాసపడతారు, చదును రాగానే తేరుకుంటారు. మీకు కావలసింది అదే! చక్కెర, రక్తపోటు, బొజ్జ మూడూ కూడినవారిలో ధమనుల లోపలి పొర మొద్దుబారుతుంది. అవసరానికి నాళం విప్పారదు. రక్తం జోరుగా పారినప్పుడు ఆ పొర నైట్రిక్ ఆక్సైడును వదిలి నాళాన్ని సడలిస్తుంది. 2008లో నార్వే పరిశోధకులు ఇలాంటివారి చేత 16 వారాలు వ్యాయామం చేయించారు. ఒకే వేగంతో నడిచినవారి కన్నా, మధ్యమధ్య జోరు పెంచినవారి ధమనులే ఎక్కువ బాగుపడ్డాయి.

“మాది తాండూరు, కొండ ఎక్కడ?” అంటారా? అక్కరలేదు. జపాను పద్ధతి వుంది: 3 నిమిషాలు వడిగా, 3 నిమిషాలు నెమ్మదిగా, ఇలా అయిదుసార్లు, వారానికి నాలుగు రోజులు. వడి అంటే పరుగు కాదు. మాట్లాడుతూంటే మధ్యలో ఊపిరి అందుకోవలసి రావాలి. బండల పాలిషింగు మిషన్లు మొదలై దుమ్ము లేవకముందే బయలుదేరండి.

ముందు డాక్టరుకు చూపించుకోండి. నడిస్తే ఛాతీ బరువెక్కేవారు, కంటిలో రక్తస్రావం అయినవారు, కాలిపుండు వున్నవారు వారంతట వారు మొదలుపెట్టరాదు. ఇన్సులిన్ తీసుకునేవారి జేబులో పంచదార పొట్లం వుండాలి. చెప్పులతో వెళ్ళకండి, బూట్లు తొడగండి. తిమ్మిరెక్కిన పాదంలో నాపరాయి పెచ్చు దిగినా ఇంటికొచ్చి నెత్తురు చూసేదాకా తెలియదు.