నల్లికి మంచం, పేనుకి తల

ఏం వదినగారూ, పరుపులన్నీ డాబా ఎక్కించి ఎండబెడుతున్నారు? పిల్ల తల గోక్కుంటోందనా? అయ్యో, పేలకీ పరుపులకీ ఏం సంబంధమండీ! పేను తల దిగితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. రోజుకి నాలుగైదుసార్లు నెత్తురు తాగితే గానీ దానికి గడవదు. అంచేత దాని పుట్టుకా పెంపకమూ అన్నీ తలలోనే.

నల్లి అలా కాదు, ఒంటిమీద కాపురం ఉండదు. మనం నిద్రలో ఉండగా వచ్చి, ఓ 5, 10 నిమిషాలు తాగి, మంచం సందుల్లోకి పోతుంది. నెలల తరబడి తిండి లేకపోయినా బతుకుతుంది. ఇల్లు తాళం వేసి ఊరెళ్ళొచ్చినా అవి ఎక్కడివక్కడే ఉండేది అందుకే. పరుపు కుట్టు వేలితో విడదీసి చూడండి. నల్లులుంటే సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలు, విడిచిన పల్చటి పెంకులు కనబడతాయి. పిల్లనల్లి పెద్దదయ్యేలోగా 5 సార్లు పెంకు విడుస్తుంది, ప్రతిసారీ ముందు నెత్తురు తాగాల్సిందే. మీ పరుపుకి అవేం లేవుగా? ఇంక దాని జోలికి పోకండి. ఉంటే మాత్రం ఎండ చాలదు. పైన వేడెక్కుతుంది గానీ, నల్లి లోపలికి దూరిపోతుంది. మంచం కీళ్ళలో సలసల కాగే నీళ్ళు పోయాల్సిందే.

మీ అత్తగారు కిరసనాయిలు అంటున్నారా? వద్దండీ, పిల్లదాని నెత్తిన కిరసనాయిలూ నల్లుల మందూ వెయ్యొద్దు. చర్మం కాలుతుంది, లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. జడ కత్తిరించడమూ వద్దు, పాపం ఎంత ఇష్టంగా పెంచుకుంటోందో. శుభ్రం లేక పట్టాయని తిట్టకండి కూడా. బళ్ళో తలా తలా ఆనించి కూర్చుంటారు, అలా పాకుతాయి. పేను ఎగరదు, దూకదు.

ఈ రెండిటివల్లా దురదే గానీ, మలేరియాలాంటివేం అంటుకోవు. టైఫస్ జ్వరం తెచ్చేది బట్టల్లో ఉండే ఒంటిపేను, అది వేరు.

మందుల షాపులో 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ అడగండి. రాసి, కడిగి, పేలదువ్వెనతో పాయలు పాయలుగా దువ్వాలి. ఈపులు వెంట్రుక మొదట్లో జిగురుతో అంటుకుని ఉంటాయి, దులిపితే రావు. మిగిలినవి పిగలడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి 9వ రోజున మళ్ళీ రాయాలి. అందరూ ఇక్కడే తప్పిస్తారు. ఇంట్లో మిగతావాళ్ళ తలలూ చూడండి, మీదీ చూపించండి. సాయంత్రం పిల్లని ఇటు పంపండి, వెలుతురుండగానే దువ్వేస్తాను.