తెల్ల తోరణం దగ్గర... నాన్న ఉత్తరం!

ఎత్తు 67 అడుగులు. ఒక కాలు అమెరికాలో, మరో కాలు కెనడాలో! బ్రిటన్, అమెరికాల మధ్య 1814లో కుదిరిన శాంతి ఒప్పందానికి గుర్తుగా 1921లో వెలిసిన 'పీస్ ఆర్చ్' ఇది. అమెరికా వైపు దాని నుదుట 'ఒకే తల్లి బిడ్డలం' అన్న అర్థమొచ్చే మాటలుంటాయి. లోపలున్న ఇనుప తలుపులు ఎన్నటికీ మూతపడకూడదన్న కోరికా అక్కడే రాసుంటుంది.

సియాటెల్‌లో కారెక్కితే సుమారు రెండు గంటల దారి. రెడ్మండ్, బెల్‌వ్యూల్లోని తెలుగు కుటుంబాలకు వారాంతంలో వాంకూవర్ వెళ్లిరావడం మామూలే. కార్ల వరసలో ఉన్నంతసేపూ పచ్చిక, పూలమొక్కలు చూస్తూ పిల్లలకు సరదానే. కిటికీ దగ్గరికొచ్చాకే అసలు సంగతి!

'బాబు తండ్రి రాలేదా? ఈ ప్రయాణం సంగతి ఆయనకు తెలుసా?'

తల్లి ఒక్కతే పిల్లాడితో వస్తే కెనడా అధికారి ఇలా అడగొచ్చు. ఒక్కోసారి పిల్లాణ్నే అడగొచ్చు. నొచ్చుకోవాల్సిన పనిలేదు. దంపతుల్లో ఒకరు రెండోవారికి చెప్పకుండా బిడ్డను దేశం దాటిస్తే వెనక్కి రప్పించడం చాలా కష్టం. అలాంటి పిల్లల కోసమే 1980లో హేగ్ ఒప్పందం వచ్చింది. అమెరికా, కెనడా అందులో ఉన్నాయి. భారత్ చేరలేదు.

అందుకే పాస్‌పోర్టులూ, అవసరమైన వీసాలతోపాటు తండ్రి రాసిచ్చిన అంగీకార పత్రమూ సంచిలో ఉండాలి. బిడ్డ ఎవరితో, ఎక్కడికి, ఏ తేదీల్లో వెళ్తున్నాడో అందులో రాయాలి. ఆయన చిరునామా, ఫోన్ నంబరు, సంతకం ఉండాలి. నోటరీ చేయిస్తే మరీ మంచిది. ఆ రోజు ఫోన్‌కు దొరకడమూ ముఖ్యమే! విడాకులైతే బిడ్డ సంరక్షణపై కోర్టు ఉత్తర్వు నకలు, భర్త లేకపోతే మరణ ధ్రువపత్రం దగ్గరుంచుకోవాలి. తండ్రి ఒక్కడే తీసుకెళ్లినా ఇదే పద్ధతి.

మన ఇళ్లలో మరో చిక్కుంది. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, బిడ్డకేమో తండ్రి ఇంటిపేరు! కాగితం మీద ఇద్దరికీ చుట్టరికమే కనిపించదు. అప్పుడు ఆదుకునేది బిడ్డ జనన ధ్రువపత్రమే.

ఈ ఉత్తరం చట్టప్రకారం తప్పనిసరేం కాదు. వెంట ఉంచుకోమన్నది కెనడా ప్రభుత్వ సలహా. కానీ అనుమానమొస్తే అధికారి ఎంతసేపైనా ఆరా తీయొచ్చు. వెనక సీట్లో బిక్కమొహం వేసుకుని కూర్చునేది పిల్లాడే. బయల్దేరే ముందురోజు రాత్రి నాన్న ఓ పది నిమిషాలు కూర్చుని నాలుగు ముక్కలు రాసిస్తే... ఆ చిన్ని మొహం వాడిపోకుండానే తోరణం దాటేస్తుంది!