ఇషా తరువాత నానబెట్టిన నాష్తా

ముస్లిం కుటుంబాల్లో ఉదయపు వంటగదికి ఒక కఠినమైన గడియారం ఉంది. ఫజ్ర్ వేళ ప్రవేశించినప్పటి నుంచి సూర్యోదయం వరకు ఉండేది సుమారు గంటా పావు. ఆ వ్యవధిలోనే వుజూ, నమాజ్, కాస్త ఖుర్ఆన్ పారాయణం జరగాలి; ఆ వ్యవధిలోనే పాలు కాగాలి, చట్నీ నూరాలి, పిల్లల డబ్బాలు నిండాలి. మగవారు మస్జిద్ నుంచి తిరిగి వచ్చేసరికి వేడి నాష్తా సిద్ధంగా ఉండే ఇంటిని మనం చక్కదిద్దుకున్న ఇల్లు అంటాం. దానిని సిద్ధం చేసిన స్త్రీ తన రెండు రకాతులను ఎంత హడావిడిలో ముగించుకున్నదో, సజ్దాలో ఉండగా ఆమె మనసు పొయ్యి మీది పాలగిన్నె చుట్టూ ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో ఎవరూ అడగరు.

మా కాపురం నంద్యాలలో. నా ఉద్యోగం ఆళ్లగడ్డలో, ఉపాధ్యాయినిగా. దూరం సుమారు 40 కిలోమీటర్లు. శిరివెళ్ల మీదుగా వెళ్లే బస్సుకు గంటకు పైగానే పడుతుంది గనుక 7 గంటలలోపే ఇల్లు విడవాలి. ఇంట్లో మధుమేహం ఉన్న అత్తమ్మ, ఇంటర్ చదివే కొడుకు, సంతలో దుకాణం తెరవవలసిన భర్త. దోసె పిండి రాత్రే రుబ్బి పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవారున్నారు. పిండి రాత్రే సిద్ధమవుతుంది, నిజమే; కానీ దోసె మాత్రం తెల్లవారాకే, ఒక్కొక్కటిగా, పెనం ముందు నిలబడితేనే వస్తుంది. నలుగురికి పన్నెండు దోసెలు పోయడానికి పట్టే సమయంలో సూరె యాసీన్ నిదానంగా చదువుకోవచ్చు.

అందుకే నాలుగేళ్లుగా మా ఇంట వారంలో నాలుగు రోజులు రాత్రి నానబెట్టిన తీపి ఓట్స్‌తోనే తెల్లవారుతోంది. పద్ధతి అతి సులభం. నలుగురికి రెండు కప్పుల ఓట్స్, కాచి చల్లార్చిన పాలు రెండు కప్పులు, నాలుగు పెద్ద చెంచాల కమ్మటి పెరుగు, రెండు చిన్న చెంచాల సబ్జా గింజలు, గింజ తీసి తరిగిన ఖర్జూరాలు ఎనిమిదో పదో, చిటికెడు ఏలకుల పొడి. అన్నీ కలిపి గాజు సీసాలలో నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉదయానికి అది పాయసంలా చిక్కబడుతుంది. మరీ గట్టిగా ఉంటే అరగ్లాసు పాలు కలపాలి. పైన మహానంది వైపు తోటల నుంచి వచ్చే అరటిపండు ముక్కలు, నాలుగు బాదం పలుకులు. చక్కెర అవసరమే లేదు. ఖర్జూరం రాత్రంతా నాని తన తీపిని పాలకు తానే అప్పగిస్తుంది.

పచ్చివి తినవచ్చునా అని అత్తమ్మ మొదట్లో సందేహించింది. మార్కెట్లో దొరికే పలుచని ఓట్స్ పచ్చివి కావు. గింజను ముందుగానే ఆవిరిలో మగ్గించి, ఆపై రోలర్ల మధ్య నలగ్గొడతారు గనుక నానితే చాలు. గింజను ముక్కలుగా కోసి అమ్మే రకం మాత్రం ఇలా మెత్తబడదు, దానిని ఉడికించవలసిందే. అత్తమ్మ సీసా వేరు: అందులో ఖర్జూరం ఒక్కటే, అరటిపండుకు బదులు జామపండు ముక్కలు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు కడుపులో జిగురులా మారి చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అది కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందన్న ఆధారంతోనే అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ, ఓట్స్ గుండెజబ్బుల ముప్పును తగ్గించగలవని పెట్టెల మీద రాసుకోవడానికి 1997లో అనుమతించింది. అయితే ఖర్జూరం ఎంత శుభకరమైనా దానిలోని చక్కెర చక్కెరే. మధుమేహం ఉన్నవారు తమ కొలతను వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

ఈ వంటకానికి పేరు తెచ్చినవాడు స్విట్జర్లాండ్ వైద్యుడు మాక్సిమిలియన్ బిర్షర్-బెన్నర్. సుమారు 1900 ప్రాంతంలో ఆయన జ్యూరిక్‌లోని తన చికిత్సాలయంలో రోగులకు రాత్రి నానబెట్టిన ఓట్స్‌ను ఆపిల్ తురుము, నిమ్మరసం, గింజలతో కలిపి పెట్టించేవాడు. నేడు దానినే ముస్లీ అంటున్నారు. ఇదంతా బాగానే ఉంది గానీ, ఇటీవల కొందరు వర్తకులు ఓట్స్ పెట్టె మీద ‘సున్నత్ ఆహారం’ అని ముద్రించి అమ్ముతున్నారు. అది సరికాదు. దైవప్రవక్త (సఅసం) ఇంటి ధాన్యం యవలు, మనం బార్లీ అనేది. ఓట్స్ దానికి దాయాది వంటిదే తప్ప అదే కాదు. సున్నత్ పేరు వస్తువుకు తగిలించే ముందు కొంత జాగ్రత్త అవసరం.

రాత్రి నానబెట్టి ఉదయం తీసుకునే అలవాటుకు మాత్రం ఆ ఇంట్లో స్పష్టమైన ఆధారం ఉంది. రాత్రి నీటిలో వేసిన ఖర్జూరం లేక కిస్‌మిస్ తియ్యనీటిని దైవప్రవక్త (సఅసం) ఉదయం సేవించేవారనీ, ఉదయం నానబెట్టినదానిని సాయంత్రం సేవించేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన విషయం సహీహ్ ముస్లింలో ఉంది. దానిని నబీజ్ అంటారు. పులిసి మత్తు పుట్టే స్థితికి రాకముందే తాగాలి. మూడు రోజులు దాటనిచ్చేవారు కాదు. మన నంద్యాల ఎండల్లో మూడు రోజుల మాట కూడా వద్దు, ఒక రాత్రి చాలు. రాత్రివేళ పాత్రల మీద బిస్మిల్లాహ్ చెప్పి మూత పెట్టమనీ, మూత లేకుంటే కనీసం ఒక పుల్లనైనా అడ్డంగా ఉంచమనీ చెప్పిన హదీసు మనందరికీ తెలిసినదే. సీసా మూత బిగించే క్షణంలో మా అబ్బాయి నోట బిస్మిల్లాహ్ వినిపిస్తుంది.

అవును, సీసాలు నింపేది మా అబ్బాయే. రాత్రి చేసే పని ఇది, నిప్పుతో పనిలేదు, నైపుణ్యంతో అంతకన్నా పనిలేదు. ఇషా నమాజ్ నుంచి వచ్చినవాడు పది నిమిషాలలో ముగించగలడు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేస్తూ ఉండేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనులలో నిమగ్నులై ఉండేవారనీ, నమాజ్ వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది. మస్జిద్‌లో ఈ హదీసు విని తలలు ఊపే మన ఇళ్లలో వంటగది గడప దాటే మగపిల్లలు ఎందరు?

ఇంతవరకు చెప్పినది పొయ్యి చుట్టూ మనుషులు ఎక్కువైన ఇంటి సంగతి. ఆళ్లగడ్డలో నా పుట్టింటి సంగతి దీనికి పూర్తిగా వేరు.

రెండేళ్ల క్రితం నాయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అమ్మ ఇద్దత్‌లో కూర్చుంది, నాలుగు నెలల పది రోజులు. మొదటి పది రోజులు చుట్టాలు, ఇరుగుపొరుగు. ఎవరో ఒకరు అన్నం పంపేవారు. ఆ తరువాత ఇల్లు నిశ్శబ్దమైంది. వీధి చివర విగ్రహాలు చెక్కే శిల్పుల ఉలి చప్పుడు తప్ప మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో మరో శబ్దం ఉండేది కాదు. బడికి వెళ్లే ముందు నేను రోజూ ఆ గుమ్మంలో ఆగేదాన్ని. అమ్మ ముసల్లా మీదే కూర్చుని ఉండేది, తస్బీహ్ చేతిలో, పొయ్యి చల్లగా. ఏమైనా తిన్నావా అంటే, “ఒక్కదానికి పొయ్యి ముట్టించేదేంటికి పాపా?” అనేది. నలభై ఏళ్లు ఎనిమిది మందికి వండిన మనిషి. ఒక్కరికి వండుకోవడమంటే, ఆ ఎనిమిది మందిలో ఎవరెవరు లేరో గిన్నె పరిమాణంలో చూసుకోవడమే. ఆమెకు తూకాలు పడిపోయాయి, రెండుసార్లు కళ్లు తిరిగాయి.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఎవరైనా మరణించినప్పుడు, ఓదార్చడానికి వచ్చిన స్త్రీలు వెళ్లిపోయి ఇంటివారు, ఆప్తులు మాత్రమే మిగిలాక, ఒక కుండలో తల్బీనా వండించేవారని బుఖారీలో ఉంది. దానిని రొట్టె ముక్కల తరీద్ మీద పోసి తినిపించేవారు. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందని, దుఃఖంలో కొంత భాగాన్ని తొలగిస్తుందని దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని ఆమె తెలిపారు. బార్లీ పిండిని పాలలోనో నీటిలోనో పలుచగా కాచి, తేనె కలిపేది తల్బీనా. ఈ హదీసును నేను ఎన్నోసార్లు చదివాను. ‘అందరూ వెళ్లిపోయాక’ అన్న మాట వద్ద నిలిచిపోయింది మాత్రం ఆ రోజుల్లోనే. జనాజా రోజున అన్నం పంపే ఇళ్లకు మన వీధుల్లో కొదవ లేదు. ఇరవయ్యో రోజున, ముప్పయ్యో రోజున ఆ ఇంటి పొయ్యి వెలిగిందో లేదో చూసేవారే కావాలి. ‘కొంత భాగం’ అన్న మాటలోనూ ఎంతో దయ ఉంది. దుఃఖమంతా పోతుందని ఆశ పెట్టలేదు.

తల్బీనా కాచి తెస్తే బస్సులో చల్లారి గడ్డకట్టేది. ఓట్స్ సీసాకు ఆ బాధ లేదు, చల్లగానే తినేది. రాత్రి ఐదో సీసా నింపడం మొదలుపెట్టాం. రెండు చెంచాల బార్లీ పిండిని విడిగా నీళ్లలో జావ కాచి, చల్లార్చి దానిలో కలిపేదాన్ని. మొదటి రోజు అమ్మ మూత తీసి వాసన చూసి పక్కన పెట్టింది. మూడో రోజు సగం తిన్నది. పొయ్యి వెలిగించనక్కర లేదు గనుక, వద్దనడానికి ఆమె దగ్గర కారణం మిగలలేదు. రెండో వారానికి కడిగిన ఖాళీ సీసా గుమ్మం దగ్గర నా కోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఇద్దత్ ముగిసిన తరువాత ఒక ఉదయం సీసా ఖాళీగా లేదు. అందులో కొర్రన్నం ఉంది. మా అవ్వ పత్తి చేలకు వెళ్లే రోజుల్లో రాత్రి మిగిలిన కొర్రన్నాన్ని మట్టిముంతలో మజ్జిగ నీళ్లు పోసి, మూత పెట్టి ఉంచేది. అదే పొద్దుటి చద్ది. రమజాన్ వస్తే పక్కనే ఇంకో గిన్నెలో ఎండుఖర్జూరాలు నానేవి, సహరీ కోసం. అమ్మ ఆ రెండింటినీ ఒకే సీసాలో కలిపింది. మధ్యాహ్నమే నానబెట్టిన కొర్రలను గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లతో మెత్తగా ఉడికించి, చల్లార్చి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడు పెట్టి, తరిగిన ఖర్జూరాలు వేసింది. తెల్లవారేసరికి అది తీపి దద్దోజనమైంది. బెల్లం కావాలంటే ఉదయమే కలపాలి, రాత్రే వేస్తే తోడు సరిగా పడదని చెప్పింది. కరెంటు పోయినా దీనికి దిగులు లేదు. పాలు పులిస్తే పాడైనట్టు, తోడుకుంటే పెరుగైనట్టు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు పట్టణాలన్నీ కొర్రలను కొత్తగా కనుగొన్నట్టు మురిసిపోయాయి. మన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమేమో అంతకు ఎంతో ముందే సూర్యనంది వంటి కొర్ర రకాలను రూపొందించి రైతులకు ఇచ్చింది. మా వీధి దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రంగుల పెట్టెలో ఓట్స్, గోనెసంచిలో కొర్రలు. తొందర ఉన్న రోజున ఓట్స్, తీరిక ఉన్న రోజున కొర్రలు అన్నది నా లెక్క. అమ్మ ఈ లెక్కను ఒప్పుకోదు. ఓట్స్ ఆమె దృష్టిలో బస్సు పట్టుకునేవాళ్ల తిండి.

మొన్న వెళ్లినప్పుడు సీసాలు చిన్నవైపోయాయని ఫిర్యాదు చేసింది. పక్కింటి కోడలు బాలింత, దాని పెద్దపిల్లలిద్దరూ పొద్దున్నే ఈ ఇంటికి వస్తున్నారట. “ఈసారి వచ్చేటప్పుడు పెద్దవి రెండు తే పాపా, మూత గట్టిగా పట్టేవి” అన్నది.