రామప్పకు బయలుదేరే ముందు

వరంగల్లు చూడవచ్చినవారు మొదట కోటలోని కాకతీయ తోరణాలు, తర్వాత హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి చూస్తారు. మరునాడు రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ సంపదలలో చేరింది. వెళ్ళేది ములుగు మీదుగా. దాదాపు 65 కిలోమీటర్లు.

మావంటి పాత అంబాసిడర్ వాళ్ళకు నడుమ మరొక మజిలీ ఉన్నది. అది ఆటోనగర్. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని, వాటి మర్మం తెలిసిన చేతులు ఇంకా ఉన్నవి.

ఉస్తాదు ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలాడు. అది పట్టేది వెనుక చక్రాలనే. వదలనిదే డ్రమ్ము ఊడిరాదు. జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం విప్పి డ్రమ్ము లాగాడు. లోపలంతా నల్లని పొడి. పక్కనున్న కుర్రవాడు ఊదబోయాడు.

"ఊదకు బిడ్డా, పానానికి మంచిది గాదు" అని తడిగుడ్డ అందించాడు ఉస్తాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

లోపల నెలవంకల వంటి షూలు రెండు. బ్రేకు తొక్కగానే వీల్ సిలిండర్ వాటిని డ్రమ్ముకు అదుముతుంది. కాలు తీయగానే స్ప్రింగులు వెనక్కు లాగుతాయి. లైనింగు బాగా అరిగితే రివెట్లు పైకి తేలి డ్రమ్మును గీస్తాయి. మా కారుకు లైనింగు మందంగానే ఉన్నది. సంతోషించేలోగా ఉస్తాదు సిలిండరు రబ్బరు టోపీ ఎత్తి వేలు చూపించాడు. తడి!

"గిది జూడుండ్రి సార్. ఇయ్యాల తడి, రేపు ధార. పెడల్ మొత్తం కిందికి వోతది."

అంతేకాదు, ఆ నూనె లైనింగుకు పడితే ఆ చక్రం పట్టదు; కడిగినా లాభం లేదు, లైనింగు మార్చవలసిందే. రెండు చక్రాలకూ రబ్బర్లు మార్చాడు. ఒక వైపు ముగిసేదాకా రెండవది విప్పలేదు. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలోదో అనుమానం వస్తే విప్పని వైపే పటం! చివరకు కొత్త బ్రేకు ఆయిల్ పోసి, గొట్టాలలో గాలి తీశాడు.

ఒక పూట ఆలస్యమైందని పిల్లలు అలిగారు. మరునాడు ములుగు దగ్గర గట్టమ్మ గుడి వద్ద ఆగాము. మేడారం వెళ్ళేవారు ముందుగా మొక్కేది ఆ తల్లికే. మా ఇంటావిడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఏడాదికొకసారి చక్రం లోపలికి తొంగిచూడటం కూడా ఆచారం చేసుకుంటే మంచిది.

పాలంపేట దారిలో బర్రెల మంద ఒక్కసారిగా అడ్డం వచ్చింది. పెడల్ సగంలోనే గట్టిగా నిలిచింది. బండి వంకర పోకుండా ఆగింది. వెనుక సీట్లో పిల్లలకు ఆ సంగతే తెలియలేదు. వాళ్ళు బర్రెలను లెక్కపెడుతున్నారు.