మేళం కట్టని వీణ, సరిచూడని పికోలో

పాశ్చాత్య వేణువుల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది పికోలో. ఇటాలియన్ భాషలో ఆ మాటకు ‘చిన్నది’ అనే అర్థం. దాదాపు 32 సెంటీమీటర్ల పొడవుతో మామూలు ఫ్లూట్‌లో సగమే ఉండే ఈ వాద్యం, కాగితం మీద రాసిన స్వరం కన్నా ఒక స్థాయి పైన, అంటే మధ్య షడ్జానికీ తార షడ్జానికీ మధ్య ఉన్నంత ఎత్తున పలుకుతుంది. 1808లో తొలిసారి వినిపించిన బీథోవెన్ అయిదో సింఫనీ చివరి భాగంలో దీనికి చోటు దక్కింది. అమెరికా 1987లో తన జాతీయ కవాతు గీతంగా ప్రకటించిన సూసా రచన ‘ది స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’లో, మొత్తం బ్యాండు మీదుగా తేలుతూ వినిపించేది దీని గొంతే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ వాద్యం పరిచయమయ్యేది సాధారణంగా బడి బ్యాండు ద్వారానే. ఫ్లూట్ నేర్చుకుంటున్న పిల్లకు ఏదో ఒక సంవత్సరం బ్యాండు ఉపాధ్యాయుడు పికోలో అప్పగిస్తాడు. మైదానంలో ఎండకూ వానకూ తట్టుకునే ప్లాస్టిక్ వాద్యం సరిపోయినా, కచేరీ మందిరంలో అడుగుపెట్టేసరికి చెక్క పికోలో కొనవలసిన ప్రస్తావన వస్తుంది.

ఈ చెక్క చాలావరకు గ్రెనడిల్లా, అంటే టాంజానియా, మొజాంబిక్ వంటి దేశాల్లో పెరిగే ఆఫ్రికా నల్లచేవ. తెలుగునేల మీద ఇరుగుడు, జిట్టేగి అని పిలిచే రోజ్‌వుడ్ చెట్టు ఉన్న డాల్బెర్జియా ప్రజాతికే చెందిన ఈ చెట్టు చేవ, నీళ్లలో వేస్తే మునిగేటంత బరువైనది. ఈ ప్రజాతి మొత్తాన్నీ 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం ఆంక్షల కిందికి తెచ్చినా, తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు లభించింది. ఎంత గట్టి చేవ అయినా చెక్క చెక్కే. బోస్టన్ వంటి ఊళ్లలో శీతకాలపు హీటర్లు ఇంటి గాలిలోని తేమను పీల్చేస్తున్నప్పుడు, ఊపిరి వెచ్చదనానికీ తడికీ గొట్టం లోపలి గోడ ఉబ్బుతుంటే వెలుపలి గోడ ముడుచుకునే ఉంటుంది కాబట్టి, చెక్క పగలడానికి అవకాశం ఏర్పడుతుంది. అందువల్లనే కొత్త వాద్యాన్ని మొదటి కొన్ని వారాలు రోజుకు పది, పదిహేను నిమిషాలకు మించి ఊదరాదనీ, ఊదిన వెంటనే మెత్తని గుడ్డతో లోపలి తడి తీసివేయాలనీ నిపుణులు చెబుతారు.

చెక్క సంగతి ఇలా ఉండగా, అసలు చిక్కు దాని మీద అమర్చిన యంత్రాంగంలో ఉంది. వెదురు పిల్లనగ్రోవిలో రంధ్రాన్ని మూసేది వేలి కొస. దాని మెత్తని కండ అంచుకు తగినట్టు తనంతట తానే సర్దుకుంటుంది కనుక గాలి జారే ప్రశ్న అంతగా ఉండదు. పికోలోలో, మ్యూనిక్‌కు చెందిన తియోబాల్డ్ బోమ్ 19వ శతాబ్దంలో ఫ్లూట్ కోసం రూపొందించిన పద్ధతిని అనుసరించి, రంధ్రాలను మూసేవి కీలు, అంటే చిన్న లోహపు మూతలు. ఒక్కొక్క మూత అడుగున ప్యాడ్ ఉంటుంది. పలుచని పొర చుట్టిన ఫెల్ట్ బిళ్లను గాని, అటువంటి మెత్తని బిళ్లను గాని ప్యాడ్ అంటారు. పైగా ఈ కీలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కుడిచేతి చూపుడువేలు ఒక కీని నొక్కితే మరో రెండు కీలు కూడా అదే క్షణంలో మూసుకోవాలి. వాటిలో ఒకటి వెంట్రుకవాసి ఆలస్యమైనా గాలి జారుతుంది. గొట్టం ఇంత సన్నగా, పొట్టిగా ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి జారుడు కూడా పెద్ద లోపమవుతుంది. పైభాగంలో ఒక ప్యాడ్ సరిగా కూర్చోకపోతే, దాని కిందుగా పలకవలసిన స్వరాలన్నీ బలహీనపడి, అట్టడుగు స్వరాలు అసలు పలకకపోవచ్చు.

ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుందో ఈ వ్యాసకర్త ఇంట్లోనే రుజువైంది. ఇంటర్నెట్‌లో కొన్న కొత్త చెక్క పికోలో పెట్టెలోంచి తీసిన రోజు నుంచీ కింది స్వరాలు పలకకపోతే, ఊదే అమ్మాయికి సాధన చాలడం లేదని ఇంటిల్లిపాదీ తేల్చారు. ఆ పిల్ల కూడా అదే నమ్మి, పెదవులు బిగించి, మరింత బలంగా ఊది, నెల తిరిగేసరికి ఉన్న వాటాన్ని కూడా పాడుచేసుకుంది. చివరకు వాద్యాన్ని పరిశీలించిన టెక్నీషియన్ రెండు ప్యాడ్‌లు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయనీ, ఒక స్ప్రింగు బలం తగ్గిందనీ చూపించాడు. సాధనే సర్వస్వమని నమ్మే ఇళ్లలో వాద్యం తప్పు ఎంత సులువుగా విద్యార్థి తప్పుగా మారుతుందో ఆ ఒక్క నెల తెలియజేసింది.

కొత్త వాద్యానికి ఇంత లోపం ఎందుకు ఉండాలనే ప్రశ్న సహజమే. కర్మాగారంలో సరిగా అమర్చిన వాద్యం కూడా ఓడల్లో, విమానాల్లో, గోదాముల్లో, దుకాణాల్లో వేరువేరు తేమలను చవిచూసి కొనుగోలుదారు చేతికి వస్తుంది. ఈలోగా ప్యాడ్‌లు అణుగుతాయి, చెక్క కదులుతుంది, కీలను మోసేందుకు చెక్కలో నాటిన లోహపు స్తంభాలు కూడా దానితోపాటు కదులుతాయి. సెటప్ అని పిలిచే పనిలో నిపుణుడు ప్రతి ప్యాడ్ కింద పలుచని కాగితపు పట్టీ పెట్టి లాగి, చుట్టూ పట్టు సమానంగా ఉందో లేదో చూస్తాడు. లేనిచోట మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలిచే పలుచని బిళ్లలను ప్యాడ్ వెనుక చేరుస్తాడు. ముడిపడిన కీలు ఒకేసారి మూసుకునేలా సవరిస్తాడు, స్ప్రింగుల బలాన్ని సమం చేస్తాడు, శిరోభాగం లోపలి బిరడా శ్రుతికి తగిన చోట ఉందో లేదో కొలుస్తాడు, రెండు భాగాలు కలిసే చోటి కార్కు బిగువు కూడా సరిచూస్తాడు.

కనుక చెక్క పికోలో కొనేవారు ధరలోనే సెటప్ ఖర్చును కూడా కలిపి లెక్కవేసుకోవడం మంచిది. కొద్దిరోజులు ఇంట్లో ఊది చూసుకోనిచ్చే దుకాణం దొరికితే, ఆ గడువులోనే వాద్యాన్ని గురువు చేతా, దుకాణంతో సంబంధం లేని నిపుణుడి చేతా పరీక్ష చేయించాలి. కొత్త ప్యాడ్‌లు అణిగే కాలం గడిచాక కొన్ని నెలలకు మరోసారి, ఆపైన ఏడాదికోసారి చూపించాలి. శీతకాలపు సెలవుల్లో విశాఖపట్నం వంటి తేమగల ఊళ్లకు వాద్యాన్ని తీసుకువెళ్లినప్పుడు రెండు భాగాలు కలిసే చోటు బిగుసుకుంటే బలవంతంగా తిప్పకుండా, గాలికి అలవాటుపడేదాకా ఆగాలి.

ఇదంతా తెలుగువారికి కొత్త ఆలోచన కాదు. బొబ్బిలిలో పనస చెక్కను తొలిచి వీణ చేసినంత మాత్రాన అది వాయించడానికి సిద్ధమైనట్టు కాదు. నల్లని మైనం మీద 24 మెట్లనూ ఒక్కొక్కటిగా స్వరస్థానానికి నిలిపే పనిని మేళం కట్టడం అంటారు. ఎండకు మైనం మెత్తబడి మెట్టు జరిగినప్పుడు ఆ పని మళ్లీ చేయించవలసి ఉంటుంది. మెట్టు జరిగిన వీణ మీద అపస్వరం పలికితే, వైణికుల ఇంట్లో ఎవరూ ముందుగా శిష్యురాలిని మందలించరు. మేళం చెడిందేమో చూస్తారు. సముద్రాలు దాటిన కుటుంబాలు ఆ మర్యాదను ఈ చిన్న నల్లని వేణువుకు కూడా పాటించి, పిల్ల సాధన మీద తీర్పు చెప్పే ముందు ప్యాడ్ కింద ఒక కాగితపు పట్టీ పెట్టి చూడటం న్యాయం.