చెరిపివేసిన తిమింగిలం

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో ఫిట్జ్‌విలియం మ్యూజియం అనే ప్రసిద్ధ ప్రదర్శనశాల ఉన్నది. అక్కడికి 1873లో ఒక డచ్చి చిత్రపటం వచ్చి చేరింది. హెండ్రిక్ వాన్ ఆంథోనిసెన్ అనే చిత్రకారుడు 1641 ప్రాంతంలో చిత్రించిన ఆ పటంలో స్కెవెనింగెన్ సముద్రతీరం కనిపిస్తుంది. మబ్బు పట్టిన ఆకాశం, ఇసుక దిబ్బలు, ఒడ్డున గుంపులు గుంపులుగా చేరిన జనం. అంతమంది అక్కడ నిలిచి దేనిని చూస్తున్నారో మాత్రం బోధపడదు. వారి ఎదుట ఖాళీ ఇసుక తప్ప మరేమీ లేదు. దాదాపు నూట నలభై ఏళ్లపాటు సందర్శకులు దానిని ప్రశాంతమైన తీరదృశ్యంగానే భావించి ముందుకు సాగిపోయారు.

ఆ జనం చూస్తున్నదేమిటో 2014లో లోకానికి వెల్లడయింది. పసుపుబారిన వార్నిషు పొరను తొలగించే పని ఒక యువ సంరక్షకురాలి చేతికి వచ్చింది. ఆమె ఓర్పుతో పొరను తుడుచుకుంటూ పోగా, మొదట గాలిలో నిలిచినట్టు ఒక మనిషి ఆకారం బయటపడింది. ఆ పక్కనే తెరచాప వంటి రూపం. అది తెరచాప కాదు, తిమింగిలపు రెక్క. ఆ మనిషి నిలుచున్నది తీరానికి కొట్టుకువచ్చిన మహాకాయపు వీపు మీద! చిత్రకారుడు గీసిన తిమింగిలాన్ని తరువాతి కాలంలో ఎవరో రంగు పూసి కప్పివేశారు. మృతజంతువు ఇంటి గోడపై అసహ్యంగా ఉంటుందని యజమాని తలచాడో, అది లేకపోతే పటం సులువుగా అమ్ముడుపోతుందని వ్యాపారి భావించాడో! కేంద్రవస్తువును చెరిపివేసి, చూచేవారిని మాత్రం మిగిల్చిన ఆ చేయి ఎవరిదో గాని, మానవుడికీ తిమింగిలానికీ ఉన్న సంబంధాన్ని అది తెలియకుండానే చక్కగా వ్యాఖ్యానించింది.

మన ప్రాచీనులు ఈ ప్రాణిని ఎట్లా ఊహించారో దాని పేరే చెబుతుంది. 'తిమి' అంటే పెద్ద చేప. దానిని మింగేది తిమింగిలం. దానిని కూడా మింగేది తిమింగిలగిలం. మహాభారతంలోని సముద్ర వర్ణనలలో మకరాలతోపాటు తిమింగిలాలు కనిపిస్తాయి. వ్యవహారంలో 'తిమింగలం' అయిన ఈ పదం నేటి వార్తాపత్రికలలో మరో అవతారం ఎత్తింది. లంచగొండి అధికారి పట్టుబడితే 'అవినీతి తిమింగలం' వలలో చిక్కిందని శీర్షిక పెడతారు. మింగడమనే గుణం అక్కడికీ వెంట వచ్చింది. పాపం, తిమింగిలాలలోకెల్లా పెద్దదైన నీలి తిమింగిలం తినేది చిన్న రొయ్యల వంటి క్రిల్ అనే జీవులను. దాని నోరు ఎంత విశాలమైనా, గొంతులో మనిషి పట్టడు. పైగా అది చేప కూడా కాదు. పిల్లకు పాలిచ్చి పెంచే క్షీరదం. పేరు పెట్టినవారు దానిని బతికి ఉండగా దగ్గరగా చూడలేదు.

ఆ మాటకు వస్తే ఎవరు చూశారు గనుక? జర్మన్ చిత్రకళా ప్రవీణుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1520 డిసెంబరులో, జీలండ్ తీరంలో గొప్ప తిమింగిలం ఒడ్డున పడిందని విని, దానిని కళ్లారా చూడాలని బయలుదేరాడు. దారిలో బలమైన గాలికి పడవ కట్లు తెగి ప్రాణాపాయం తప్పించుకున్నాడు. తీరా చేరేసరికి ఆటుపోట్లు కళేబరాన్ని తిరిగి సముద్రంలోకి లాగుకొనిపోయాయి. ఆ ప్రయాణంలో సోకిన జ్వరం ఆయనను చివరిదాకా పూర్తిగా విడువలేదని చరిత్రకారులు తలుస్తారు. అంత శ్రమపడి ఆయన చూడబోయింది కూడా సజీవమైన తిమింగిలాన్ని కాదు. శతాబ్దాల తరబడి తీరవాసుల కళలో తిమింగిలమంటే ఇసుక మీద పడి ఉన్న శవమే. చుట్టూ జనం, పైకెక్కి కొలతలు తీసేవారు, వినోదం చూచేవారు.

ఓడలెక్కి వెళ్లినవారికి అది చమురు నిల్వ. దాని కొవ్వు దీపాలలో వెలిగింది. పై దవడలోని పలకలు గొడుగు ఊచలయ్యాయి. హెర్మన్ మెల్విల్ 1851లో ప్రచురించిన 'మోబీ డిక్' నవల ఆ వేటగాళ్ల లోకానికి అజరామరమైన రూపమిచ్చింది. అయినా ఆ కాలపు తెడ్లు, బల్లేలు ఎంతటివి! ఆవిరి ఓడ, పేలుడు బల్లెం వచ్చిన తరువాతనే అసలు సంహారం మొదలయింది. ఇరవయ్యో శతాబ్దిలో మానవుడు చంపిన తిమింగిలాలు సుమారు 29 లక్షలని శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ కథ మలుపు తిరిగింది కంటితో కాదు, చెవితో. 1950లలో బెర్ముడా దీవుల వద్ద ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు అమెరికా నౌకాదళం కోసం సముద్రగర్భంలోని ధ్వనులను వినే పనిలో ఉన్నాడు. పరికరాలలో వింత స్వరాలు వినిపించాయి. అవి మూపురపు తిమింగిలాల గొంతులు. ఆ సంగతి వేటగాళ్లకు తెలిస్తే స్వరాన్ని బట్టి వాటి జాడ పడతారని భయపడి, ఆయన ఆ టేపులను గుట్టుగా దాచాడు. చివరికి వాటిని నమ్మి అప్పగించింది రోజర్ పేన్ అనే జీవశాస్త్రజ్ఞుడికి. ఈ పేన్ గబ్బిలాల, గుడ్లగూబల వినికిడిని పరిశోధించినవాడు. ఒక రాత్రి మసాచుసెట్స్ తీరంలో చనిపోయి పడి ఉన్న డాల్ఫిన్‌ను చూడబోయాడు. అప్పటికే ఎవరో దాని దేహంపై తమ పేరు అక్షరాలు చెక్కారు. శ్వాసరంధ్రంలో చుట్టపీక గుచ్చారు. వర్షంలో ఆ శవం ముందు నిలిచిన పేన్ మనసు తిమింగిల జాతి వైపు మళ్లింది.

ఆ టేపులను మళ్లీ మళ్లీ వినగా, ధ్వనులను కాగితంపై రేఖలుగా మార్చి చూడగా, అవి అస్తవ్యస్తమైన కేకలు కావని తేలింది. నిర్ణీత క్రమంలో సాగి, ముగిసి, మళ్లీ మొదటి నుంచి వచ్చే గీతాలవి. పాడేవి మగ తిమింగిలాలు. ఒక ప్రాంతపు తిమింగిలాలన్నీ ఒకే పాట పాడతాయి. కాలక్రమాన ఆ పాటను అన్నీ కలిసి మార్చుకుంటాయి. 1970లో ఈ గానం గ్రామఫోను రికార్డుగా వెలువడింది. 1979లో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక దానిలోని భాగాలను ఒక పలుచని రికార్డుపై కోటికి పైగా ప్రతులతో పాఠకులకు అందించింది. చంపబడుతున్నది పాడుతున్నదని తెలిసిన తరువాత జనం మునుపటివలె ఉండలేకపోయారు. నిరసనలు చెలరేగాయి. అంతర్జాతీయ తిమింగిల వేట సంఘం 1982లో వాణిజ్యవేటను నిలిపివేయాలని తీర్మానించింది. 1986 నుంచి అది అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన ఒక 'స్టార్ ట్రెక్' చిత్రంలో భావికాలపు మనుషులు తిమింగిలాల కోసం వెనుకటి కాలానికి ప్రయాణం చేస్తారు. అంతరిక్షం నుంచి వచ్చిన పిలుపుకు బదులు పలకగల తిమింగిలం వారి భూమిపై ఒక్కటీ మిగలలేదు.

కల్పనకు ముందే నిజం ఆ దారిన నడిచింది. 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో పంపిన బంగారు రికార్డులో 55 మానవ భాషల పలకరింపులున్నాయి. వాటిలో మన తెలుగు ఒకటి. ఆ పలకరింపుల నడుమనే మూపురపు తిమింగిలపు గొంతునూ చేర్చారు. 2012లో వాయేజర్-1 నక్షత్రాంతర ప్రదేశంలో అడుగుపెట్టింది. ఏ చెవి వింటుందో గాని, తెలుగూ తిమింగిలగీతమూ ఒకే పళ్లెం మీద కలిసి వెళుతున్నాయి.

నిషేధం ఫలించిన చోట్లు ఉన్నాయి. నైరుతి అట్లాంటిక్‌లో ఒకప్పుడు సుమారు 450కి పడిపోయిన మూపురపు తిమింగిలాలు 25 వేలకు చేరాయని 2019లో ఒక పరిశోధన తెలిపింది. అయితే అదే సంవత్సరం జపాన్ ఆ సంఘం నుంచి వైదొలగి వాణిజ్యవేటను తిరిగి ప్రారంభించింది. వేట లేని చోట కూడా క్షేమం లేదు. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగిలాలు 400 లోపే మిగిలాయి. వాటిని ఇప్పుడెవరూ వేటాడరు. చేపల వేట తాళ్లు చుట్టుకొని, ఓడలు ఢీకొని చనిపోతున్నాయి. ఓడల యంత్రాల హోరు వాటి పిలుపులు సాగే స్థాయిలోనే ఉంటుంది గనుక, ఒకదాని గొంతు మరొకదానికి వినబడకుండా పోతున్నది.

2001 సెప్టెంబరు 11న అమెరికాపై ఉగ్రవాదుల దాడులు జరిగిన తరువాత కొద్దిరోజులు నౌకల రాకపోకలు బాగా తగ్గాయి. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆ సమయంలో శాస్త్రజ్ఞులు రైట్ తిమింగిలాల మలం నమూనాలు సేకరిస్తున్నారు. నీటి అడుగున శబ్దాన్ని కొలుస్తున్నవారూ ఉన్నారు. ఆ రెండు లెక్కలను జోడించి చూచిన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఆ కొద్దిరోజులలో హోరు 6 డెసిబెల్‌ల మేర తగ్గింది. తిమింగిలాల దేహాలలో ఒత్తిడిని సూచించే హార్మోన్లూ తగ్గాయి. ఓడలు మళ్లీ తిరగసాగాయి. తరువాతి సంవత్సరాల సెప్టెంబరు నమూనాలలో ఆ తగ్గుదల కనిపించలేదు.