మోతీకి జొన్న రొట్టె పెట్టొచ్చా?

మా మోతీ ఒళ్ళు గోక్కోవడం మొదలుపెట్టగానే మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్‌లో తీర్పు చెప్పేశాడు. "అమ్మా, అది జొన్న రొట్టె వల్లే. కుక్కలకు ధాన్యం పడదు. గ్రెయిన్ ఫ్రీ ఫుడ్ పంపిస్తా." వారానికల్లా సంచి వచ్చింది. దాని మీద తోడేలు బొమ్మ, వెనకాల మంచు కొండ. ధర విని మా అత్తమ్మ ఒక్కటే మాట అన్నది: "గిన్ని పైసలకు ఎన్ని జొన్నలస్తయో ఎర్కేనా?"

ఆమెను అసలు బాధపెట్టింది ధర కాదు. రోజూ పొద్దున ఆమె చేసే రొట్టెల్లో మొదటిది మోతీది. చల్లార్చి, తుంచి, మజ్జిగలో నానబెట్టి దగ్గర కూర్చుని తినిపిస్తుంది. ఆ రొట్టే రోగం తెచ్చిందని మనవడంటే ఎవరికి మాత్రం కష్టంగా ఉండదు? మా నారాయణఖేడ్ వైపు జొన్న రొట్టె తిని పెరగని మనుషులూ తక్కువే, కుక్కలూ తక్కువే. అలాగని పాతదంతా మంచిదేనని నేనననులెండి.

ముందు పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు చెవుల వెనక వెంట్రుకలు విడదీసి చూపించారు. గోమార్లు! మందు పడ్డాక గోకుడు తగ్గింది. కానీ తిండి ప్రశ్న మాత్రం నాకు మిగిలిపోయింది. కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

2013లో స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు తోడేళ్ళలో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయట. మనిషి వాకిట్లో చేరి, మనిషి తిన్నది తింటూ కుక్క తన పొట్టనే మార్చుకుందన్నమాట. సంచి మీద తోడేలు బొమ్మ వేస్తే మోతీ తోడేలైపోదు కదా. ఇంకో సంగతి. ధాన్యం లేకుండా, దాని బదులు బఠాణీలూ పప్పులూ ఎక్కువగా వేసిన ఆహారానికీ, కుక్కల్లో వచ్చే ఒక గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. ఆ ఆహారమే కారణమని తేల్చలేదు. కానీ "ధాన్యం లేదు, అందుకే మేలు" అన్న మాటను కళ్ళు మూసుకుని నమ్మాల్సిన పనీ లేదు.

అయితే రొట్టె, మజ్జిగ చాలా అంటే, చాలవు. పెద్ద కుక్క ఆహారంలో నీరు తీసేసి లెక్కిస్తే కనీసం 18 శాతం ప్రొటీన్ ఉండాలని అమెరికా ప్రమాణం, కూనలకైతే 22.5 శాతం. జొన్నలో అంత లేదు. పోనీ కోడి మాంసం, అన్నం వండి పెడితే? మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ అదే పెడితే ఎముకలకు లోటు. అందుకే మంచి సంచి ఒకటి ఇంట్లో ఉండటం నాకు తప్పనిపించలేదు.

కొనేటప్పుడు ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి. కూనకా, పెద్ద కుక్కకా, సంపూర్ణ ఆహారమా, ఉత్తి చిరుతిండా, తయారైన తేదీ ఏది, ఇవన్నీ అక్కడే ఉంటాయి. ప్రొటీన్ అంకె దగ్గర మాత్రం జాగ్రత్త. గ్రేవీ పౌచ్ మీద 8 శాతం, పొడి గుళికల మీద 24 శాతం అని ఉంటే రెండోదే గొప్పదనిపిస్తుంది. పౌచ్‌లో 80 శాతం నీళ్ళే. మిగిలిన 20 భాగాల్లో 8 ప్రొటీన్, అంటే 40 శాతం. నీళ్ళ పాలు, చిక్కటి పాలు కొలిచే మనకు ఈ లెక్క ఎవరో నేర్పాలా! పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన అమ్మే విడి గుళికలు మాత్రం నేను కొనను. పేరుండదు, తేదీ ఉండదు, గాలికి కొవ్వు చెడి మక్కు వాసన కొడుతుంది.

ఇంటి తిండి అంటే మన కూర కలిపిన అన్నం కాదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. మటన్ పులుసు ముక్క కడిగి వేసినా పులుసు అందులో ఇంకే ఉంటుంది. పరమాన్నంలో కిస్మిస్, పిల్లల చాక్లెట్, ఉడికిన కోడి బొక్కలు, జైలిటాల్ వేసిన షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్, ఇవన్నీ ప్రమాదమే. అత్తమ్మకు ఉల్లి సంగతి చెబితే మొదట నమ్మలేదు. "మా అవ్వగారింట్ల కుక్క అన్నీ తింటుండె" అన్నది. ఎన్నేళ్ళు బతికిందని అడిగితే మాట మార్చింది.

అబ్బాయి పంపిన సంచిలో మిగిలినదాన్ని, ధాన్యం ఉన్న మామూలు రకంతో కలుపుతూ పది రోజుల్లో మెల్లగా మార్చాం. ఇప్పుడు రెండు పూటలా కొలిచి గుళికలు, పొద్దున ఒక చిన్న ఉప్పులేని రొట్టె, అప్పుడప్పుడు ఉడికిన గుడ్డు. రొట్టె పెట్టిన పూట గుళికలు కాస్త తగ్గిస్తాం. పక్కటెముకలు చేతికి తగలాలి, దూరం నుంచి కంటికి కనబడకూడదు అని డాక్టరు చెప్పారు. ఆ కొలత అత్తమ్మకు బాగా నచ్చింది. రొట్టె తుంచే ముందు మోతీ పక్కలు తడిమి చూస్తది. మొన్న నన్ను కేకేసి, "బొక్కలు చేతికి తాకుతలెవ్వే, ఇయ్యాల సగమే ఏస్త" అని మిగిలిన సగం తనే తినేసింది.